ఆదివారం లోపు డబ్బు కట్టకపోతే సైట్ పడేస్తామంటున్నారు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: నేనూ నా ఫ్రెండూ కలిసి పోటీ పరీక్షలకి ఆన్‌లైన్‌లో మాక్ టెస్టులు పెట్టే సైట్ ఒకటి నడుపుతున్నాం. ఇద్దరమే, కోడింగ్ నాది, మిగతాదంతా తనది. మంగళవారం రాత్రి ఒక మెయిల్ వచ్చింది. ఆదివారం లోపు ఒక బిట్‌కాయిన్ పంపకపోతే డీడాస్ (చాలా కంప్యూటర్ల నుంచి ఒకేసారి దొంగ ట్రాఫిక్ పంపి ఉక్కిరిబిక్కిరి చెయ్యడం) చేసి సైట్ పడేస్తాం, లేటయ్యేకొద్దీ రేటు పెరుగుతుంది, నమ్మకపోతే ఇప్పుడే శాంపిల్ చూడండి అని. నిజంగానే కాసేపటికి ఇరవై నిమిషాలు సైట్ ఓపెన్ కాలేదు. ఆదివారమే మా పెద్ద టెస్ట్, వేలమంది రాస్తారు. నా ఫ్రెండ్ అప్పు చేసైనా కట్టేద్దాం, స్టూడెంట్స్ ముందు పరువు పోతుంది అంటున్నాడు. నాకు కట్టాలని లేదు కానీ కట్టకుండా ఎలా ఆపాలో తెలీట్లేదు. ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఏం చెయ్యమంటారు?

సమాధానం:

కట్టకండి. ఆ మెయిల్‌కి రిప్లై కూడా ఇవ్వకండి, టైమ్ ఇవ్వమనో తగ్గించమనో అడగడానికి కూడా వద్దు. మీరు రిప్లై ఇచ్చారంటే ఈ మెయిల్ చదివే మనిషి ఉన్నాడు, భయపడ్డాడు అని వాళ్ళకి తెలిసిపోతుంది, ఆ రెండూ తెలియడమే వాళ్ళకి కావాల్సింది.

మీ ఫ్రెండ్‌ని తప్పు పట్టకండి. కష్టపడి నిలబెట్టుకున్నది కళ్ళముందే పడిపోతుంటే ఎవరికైనా డబ్బు పారేసి గండం గట్టెక్కుదాం అనే అనిపిస్తుంది. నేనూ ఇలాంటి మెయిల్ అందుకున్నవాణ్ణే అండి. కొన్నేళ్ళ కిందట ముగ్గురం కలిసి ఒక బుకింగ్ సర్వీస్ నడిపేవాళ్ళం, మాలో ఇద్దరం కట్టేద్దాం అన్నాం, అందులో నేనొకణ్ణి. మూడోవాడు ఒక్క మాట అడిగాడు, కట్టాక వాళ్ళు మళ్ళీ రాకుండా ఏది ఆపుతుంది అని. మా దగ్గర జవాబు లేదు. మీ ఫ్రెండ్‌ని అదే అడగండి, గొడవ పడకుండా.

కట్టినవాళ్ళకి ఏమైందో చూడండి. 2015 నవంబర్‌లో ప్రోటాన్‌మెయిల్ అనే మెయిల్ సర్వీస్‌కి అర్మాడా కలెక్టివ్ పేరుతో ఇలాంటి బెదిరింపే వచ్చింది. వాళ్ళ మీద కొడుతుంటే అదే డేటాసెంటర్ మీద ఆధారపడ్డ మిగతా కంపెనీలు కూడా ఇబ్బంది పడ్డాయి, ఆ ఒత్తిడికి తట్టుకోలేక వాళ్ళు 15 బిట్‌కాయిన్లు కట్టేశారు. దాడి ఆగలేదు, ఇంకా పెద్దదైంది. ఆ తర్వాత ఇంకెప్పుడూ కట్టం అని వాళ్ళే బయటికి చెప్పారు. అంతకుముందు 2014లో మీటప్ సైట్ వాళ్ళకి వచ్చిన మెయిల్‌లో అడిగింది 300 డాలర్లే, అంత కంపెనీకి అది లెక్కలోకి రాదు, అయినా కట్టలేదు. తక్కువ అడగడమే ఎర, ఒకసారి ఇస్తే ఇచ్చే అలవాటు ఉన్నవాళ్ళ లిస్ట్‌లోకి పోతాం అని వాళ్ళ అనుమానం. కొన్ని రోజులు పడుతూ లేస్తూ ఉన్నారు, తర్వాత బాగుపడ్డారు. అదే ఏడాది బేస్‌క్యాంప్, ఫీడ్లీ అనే వెబ్ సర్వీసులు కూడా కట్టం అని ఓపెన్‌గా చెప్పేశారు, రెండూ బతికి బట్టకట్టాయి. లేటయ్యేకొద్దీ రేటు పెరగడం అంటారా, 2021లో వీఓఐపీ డాట్ ఎంఎస్ అనే ఫోన్ సర్వీస్‌కి ఒక బిట్‌కాయిన్‌తో మొదలెట్టి వందకి తీసుకెళ్ళారు. రేటు పెంచడం వాళ్ళ చేతిలో పనే కదా, అందుకని ఆ మాటకి అంత విలువ ఇవ్వక్కర్లేదు.

అసలు దాడే చెయ్యని వాళ్ళు కూడా ఉన్నారు. 2016లో అదే అర్మాడా కలెక్టివ్ పేరు వాడుకుని ఎవరో వందమందికి పైగా మెయిల్స్ పంపారు, సైట్లని దాడుల నుంచి కాపాడే క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ వాళ్ళు ఆరా తీస్తే బెదిరింపు అందుకున్నవాళ్ళలో ఒక్కళ్ళ మీద కూడా దాడి జరగలేదు, కానీ లక్ష డాలర్లకి పైగా వసూలైపోయింది. తమాషా ఏంటంటే చాలామందికి ఒకే బిట్‌కాయిన్ అడ్రస్ ఇచ్చారు, అంటే ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో పంపినవాడికే తెలిసే వీలు లేదు. ఇక ఎవర్ని వదిలేస్తాడు, ఎవర్ని కొడతాడు? మీ మెయిల్‌లో ఉన్న అడ్రస్‌ని, ఒకట్రెండు వాక్యాల్ని యథాతథంగా సెర్చ్ చేసి చూడండి, పదంపదం అదే మెయిల్ వేరేవాళ్ళకి కూడా వచ్చి ఉండొచ్చు. పేరు మోసిన హ్యాకర్ గ్రూప్ పేరు పెట్టుకున్నంత మాత్రాన వాళ్ళే అనుకోకండి, 2020లో ఫ్యాన్సీ బేర్ అనీ లాజరస్ అనీ పేర్లు పెట్టి ఊరూవాడా పంపారు.

మీ విషయంలో తేడా ఏంటంటే శాంపిల్ చూపించారు. కాబట్టి వట్టి మెయిలే అని వదిలెయ్యలేం. ఐతే ఇరవై నిమిషాలు పడేసినంత మాత్రాన రోజుల తరబడి పడేసే స్తోమత ఉందని కూడా కాదు. ఇలాంటి దాడులు అద్దెకి దొరుకుతాయి, బూటర్ అంటారు వాటిని, కార్డు గీకి టార్గెట్ టైప్ చేస్తే చాలు. 2018 ఏప్రిల్‌లో మూయించిన వెబ్‌స్ట్రెసర్ అనే ఒక్క సైట్‌కే 1,36,000 మంది రిజిస్టర్డ్ యూజర్లు ఉన్నారని యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్ చెప్పింది. మిమ్మల్ని కొట్టినవాడు కూడా ఇలా అద్దెకి తీసుకున్నవాడే అయ్యుండొచ్చు. వాడికి మీరొక్కరే కాదు, ఇంకో వందమందికి మెయిల్ పెట్టి ఉంటాడు, పైసా రాని చోట గంటలు గంటలు కొడుతూ కూచోడు అని నా నమ్మకం, కానీ నమ్మకం మీద సైట్ నడపలేం కదా, అందుకని కిందవన్నీ చెయ్యండి.

మొట్టమొదట ఆ ఇరవై నిమిషాల్లో ఏం జరిగిందో కనుక్కోండి. ఇది చాలామంది వదిలేసే పని, వదిలేసి కనబడ్డవన్నీ కొనేస్తారు. సైట్ ఓపెన్ కాకపోవడానికి మూడు నాలుగు కారణాలుంటాయి, ఒక్కోదానికి మందు వేరు. ఒకటి, మీ సర్వర్‌కి వచ్చే పైపే నిండిపోవడం. వేరేవాళ్ళ సర్వర్లకి, పంపినవాడి చోట మీ ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ సర్వర్ నంబర్) దొంగగా పెట్టి చిన్న ప్రశ్న పంపిస్తారు, అవి పేద్ద జవాబు మీకు పంపిస్తాయి, సైట్ పేరుకి అడ్రస్ చెప్పే డీఎన్ఎస్ సర్వర్లు, టైమ్ చెప్పే ఎన్‌టీపీ సర్వర్లు అన్నీ ఇలా వాడుకుంటారు. మెమ్‌క్యాష్డ్ అనే సాఫ్ట్‌వేర్‌ని వాకిలి తెరిచి వదిలేసిన సర్వర్లయితే ఒకటికి 51,000 రెట్లు దాకా తిప్పి కొట్టాయి, 2018 ఫిబ్రవరి 28న గిట్‌హబ్ అనే కోడ్ దాచుకునే సైట్ మీదికి సెకనుకి 1.35 టెరాబిట్లు వచ్చి పడింది అలాగే. ఆ గిట్‌హబ్ పది నిమిషాల్లోపే లేచి నిలబడింది, ఎందుకంటే ట్రాఫిక్‌ని వడగట్టే అకమాయ్ అనే కంపెనీ వైపు మళ్ళించే ఏర్పాటు ముందే ఉంది. ఇలాంటిదాన్ని మీ సర్వర్‌లో ఏ ఫైర్‌వాల్ రూల్ పెట్టినా ఆపలేరు, చెత్త మీ గుమ్మం దాకా వచ్చేసరికే వీధి మొత్తం జామ్ అయిపోయి ఉంటుంది, పైన ఉన్నవాళ్ళే ఆపాలి.

రెండోది కనెక్షన్లు సగం తెరిచి వదిలెయ్యడం, సిన్ ఫ్లడ్ అంటారు, 1996 నుంచీ ఉంది, సిన్ కుకీస్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే చాలావరకు సరిపోతుంది, చాలా లినక్స్ సర్వర్లలో అది ఆన్‌లోనే ఉంటుంది, ఒకసారి చూసుకోండి చాలు.

మూడోదే మీలాంటి సైట్లకి అసలు ప్రమాదం. ట్రాఫిక్ గ్రాఫ్ చూస్తే పెద్దగా ఏమీ ఉండదు, కానీ డేటాబేస్ మూలుగుతూ ఉంటుంది. మాకు జరిగింది ఇదే. రాత్రి రెండింటికి యాక్సెస్ లాగ్ (ఎవరు ఏ పేజీ అడిగారో రాసుండే ఫైల్) తెరిచి కూచుంటే ఒకటే పేజీ, సెర్చ్ పేజీ, వరసగా వస్తూనే ఉంది, ప్రతి లైన్‌లో సెర్చ్ పదం మాత్రం వేరు, అర్థంపర్థం లేని ఎనిమిది అక్షరాలు, ప్రతిసారీ కొత్తవి. కొత్త పదం కాబట్టి క్యాష్‌లో, అంటే ముందే దాచిపెట్టుకున్న జవాబుల్లో, దొరకదు, ప్రతిదానికీ డేటాబేస్ మొత్తం టేబుల్ తిరగాల్సిందే. సెకనుకి మూడు నాలుగొందల రిక్వెస్టులు, అంతే, దాంతోనే పడిపోయాం మేము. లాగిన్ లేకుండా సెర్చ్ పనిచెయ్యకుండా చేసి, ఒక్కో సెషన్‌కి నిమిషానికి పది అని పరిమితి పెడితే పావుగంటలో సైట్ లేచింది. ఆ పావుగంట పనికోసం మేము కట్టబోయిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

కాబట్టి మంగళవారం రాత్రి ఆ టైమ్ లాగ్స్ తీసి చూడండి, అవి రొటేట్ అయి డిలీట్ అయిపోకముందే కాపీ చేసి పక్కన పెట్టండి. మామూలు కంటే రిక్వెస్టులు పెరిగాయా, ఏ పేజీకి పెరిగాయి, సీపీయూ ఎంత ఉంది, డేటాబేస్‌లో ఏ క్వెరీలు ఆగి ఉన్నాయి. లాగ్స్‌లో ఏమీ లేదు, ఆ ఇరవై నిమిషాలు ఖాళీగా ఉంది అంటే రిక్వెస్టులు మీదాకా రానేలేదని, అంటే పైపు నిండిందని, లేకపోతే హోస్టింగ్ వాళ్ళే మీ ఐపీని కట్ చేశారని. ఈ రెండోది చాలామందికి తెలీదు. మీ ఒక్కరి వల్ల మిగతా కస్టమర్లు ఇబ్బంది పడకూడదని మీ ఐపీకి వచ్చే ట్రాఫిక్ మొత్తం, మంచీ చెడూ తేడా లేకుండా పారబోస్తారు, బ్లాక్‌హోల్ చెయ్యడం అంటారు. దాడి చేసినవాడికి కావాల్సిన పని హోస్టింగ్ వాళ్ళే చేసిపెట్టినట్టు అవుతుంది.

అందుకని ఇవాళే హోస్టింగ్ వాళ్ళకి టికెట్ పెట్టి ఆగకుండా ఫోన్ కూడా చెయ్యండి. ఎవరికీ చెప్పలేదు అన్నారు చూడండి, అదే నాకు అన్నింటికంటే బెంగగా ఉంది. వాళ్ళని అడగాల్సినవి: ఆ టైమ్‌కి మా ఐపీ మీద ట్రాఫిక్ గ్రాఫ్ ఇవ్వగలరా, దాడి వస్తే మీరు ఫిల్టర్ చేస్తారా బ్లాక్‌హోల్ చేస్తారా, బ్లాక్‌హోల్ చేస్తే ఎన్ని గంటలకి తీస్తారు, ఆదివారం పొద్దున ఫోన్ ఎత్తే మనిషి ఎవరు. కొత్త ఐపీ ఒకటి వెంటనే ఇవ్వగలరా అని కూడా అడగండి, దానితో పనుంది.

పనేంటంటే, సైట్‌ని ఒక సీడీఎన్ ప్రాక్సీ (జనానికీ మీ సర్వర్‌కీ మధ్య నిలబడే వేరే కంపెనీ సర్వర్లు) వెనక్కి మార్చాలి. క్లౌడ్‌ఫ్లేర్ ఫ్రీ ప్లాన్‌లో కూడా డీడాస్ అడ్డుకునేది ఉంటుంది, 2017 సెప్టెంబర్ నుంచి దాడి ఎంత పెద్దదైనా దానికి అదనంగా బిల్లు వెయ్యడం మానేశారు. ఇంకా చాలా కంపెనీలు ఉన్నాయి, మీకు అలవాటున్నది తీసుకోండి, ఈ మూడ్రోజుల్లో కొత్తది నేర్చుకోవడం కంటే తెలిసింది వాడడం మేలు. జనం ముందు ప్రాక్సీని తగులుతారు, అది వడగట్టి మంచి రిక్వెస్టులే మీ సర్వర్‌కి పంపిస్తుంది. డీఎన్ఎస్‌లో టీటీఎల్ (మీ అడ్రస్‌ని మిగతావాళ్ళు ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పే టైమ్) ఇప్పుడే తగ్గించేసుకోండి, 300 సెకన్లకి, లేకపోతే ఆదివారం ఏదైనా మార్చాల్సొస్తే పాత అడ్రసే గంటలు గంటలు తిరుగుతూ ఉంటుంది.

ప్రాక్సీ పెట్టేశాం అని నిద్రపోకండి మాత్రం. మేము అక్కడే దెబ్బతిన్నాం. ప్రాక్సీ పెట్టిన రెండ్రోజులు ప్రశాంతంగా ఉంది, మూడోరోజు మధ్యాహ్నం ప్రాక్సీ డ్యాష్‌బోర్డ్‌లో ఏమీ లేదు, పచ్చగా ఉంది, సైట్ మాత్రం పడిపోయింది. వాడు ప్రాక్సీని తాకకుండా నేరుగా మా సర్వర్ ఐపీకే కొడుతున్నాడు. ఎలా తెలిసింది వీడికి అని జుట్టు పీక్కుంటుంటే మావాడు ఒక పని చేశాడు, తన అకౌంట్‌కి పాస్‌వర్డ్ మర్చిపోయాను అని నొక్కి, వచ్చిన మెయిల్ ఒరిజినల్ సోర్స్ తెరిచాడు. రిసీవ్డ్ అని మొదలయ్యే లైన్‌లో మా సర్వర్ ఐపీ అక్షరాలా కూచుని ఉంది. సైట్‌లో ఎవరైనా ఒక అకౌంట్ తెరిచి ఆ బటన్ నొక్కితే చాలు, మేమే మెయిల్ పెట్టి మరీ చెప్తున్నాం మా ఇల్లు ఎక్కడో.

కాబట్టి ప్రాక్సీ పెట్టాక సర్వర్ ఐపీ మార్చండి, పాతది వాళ్ళకి ఎలాగూ తెలుసు. కొత్తది బయటికి పొక్కకుండా చూడండి, మెయిల్స్ వేరే మెయిల్ సర్వీస్ నుంచి వెళ్ళాలి, డీఎన్ఎస్‌లో ఎప్పుడో పెట్టి మర్చిపోయిన డెవ్, ఎఫ్‌టీపీ, మెయిల్ లాంటి సబ్‌డొమైన్లు నేరుగా సర్వర్‌కి చూపిస్తున్నాయేమో ఒక్కొక్కటీ చూడండి. సర్వర్ ఫైర్‌వాల్‌లో ఆ ప్రాక్సీ కంపెనీ ఐపీ రేంజ్‌లు తప్ప వెబ్ పోర్టులకి ఇంకెవర్నీ రానివ్వకండి. ఇది లేకపోతే షోడాన్, సెన్సిస్ లాంటి ఇంటర్నెట్ మొత్తం స్కాన్ చేసే సర్వీసులు మీ సర్టిఫికెట్‌లో సైట్ పేరు చూసి మీ ఐపీని పట్టేస్తాయి.

ఇంకోటి, ప్రాక్సీలో బ్రౌజర్‌ని పరీక్షించే మోడ్ ఒకటి ఉంటుంది, ఆన్ చేస్తే ప్రతి విజిటర్‌కీ కొన్ని సెకన్లు చెకింగ్ పేజీ వస్తుంది. భయంలో అందరూ దాన్ని సైట్ మొత్తానికి ఆన్ చేసేస్తారు, చేశాక మొబైల్ యాప్ పనిచెయ్యదు, ఎందుకంటే యాప్ బ్రౌజర్ లేకుండా నేరుగా సర్వర్‌ని అడిగే ఏపీఐ కాల్‌కి ఆ పరీక్ష పాసయ్యే దారి లేదు, డబ్బు అందిందని పేమెంట్ గేట్‌వే నుంచి వచ్చే కబురు, వెబ్‌హుక్ అంటారు, అది కూడా ఆగిపోతుంది, స్టూడెంట్ డబ్బు కట్టేస్తాడు మీకేమో కట్టలేదని చూపిస్తుంది. ఏపీఐకీ వెబ్‌హుక్‌కీ వేరే రూల్స్ రాసి, శుక్రవారమే ఒకసారి మోడ్ ఆన్ చేసి ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ అన్నీ నొక్కి చూడండి. అలాగే ఐపీ లెక్కన బ్లాక్ చేసేటప్పుడు జాగ్రత్త, మొబైల్ డేటా వాడేవాళ్ళు, హాస్టల్ వైఫై వాడేవాళ్ళు వందలమంది ఒకే ఐపీలోంచి కనిపిస్తారు, ఒక ఐపీకి నిమిషానికి ఇన్ని అని గట్టిగా పెడితే మీ స్టూడెంట్సే బయట ఉండిపోతారు, లాగిన్ అయినవాళ్ళకి అకౌంట్ లెక్కన పెట్టుకోండి.

సైట్‌లో బరువైన పేజీలు ఏవో మీకే బాగా తెలుసు. ర్యాంక్ లిస్ట్, సెర్చ్, పీడీఎఫ్ రిపోర్ట్, ఇవన్నీ ఆదివారం ఆపేసినా కొంపలేం మునగవు, ఒక్కోదానికీ ఆపేసే స్విచ్ పెట్టుకోండి. ఓటీపీ బటన్‌ని మర్చిపోకండి, దాన్ని స్క్రిప్ట్ పెట్టి నొక్కుతూ పోతే సైట్ పడదు కానీ ఎస్ఎంఎస్ బిల్లు మిమ్మల్ని పడేస్తుంది. క్లౌడ్‌లో ఆటో స్కేలింగ్ ఉంటే దానికీ పైపరిమితి పెట్టండి, దాడిని మోస్తూ సర్వర్లు పెరుగుతూ పోతే నెలాఖరుకి వచ్చే బిల్లు వాడు అడిగిన దానికి తీసిపోదు.

టెస్ట్ సంగతికొద్దాం, నన్నడిగితే ఇక్కడే మీకు అందరికంటే ఎక్కువ వెసులుబాటుంది. పొద్దున పదింటికి అందరూ ఒకేసారి మొదలెట్టాలి అంటే వాడికి పదిన్నర దాకా కొడితే చాలు. పొద్దున ఆరు నుంచి రాత్రి పది లోపు ఎప్పుడైనా మొదలెట్టొచ్చు అంటే వాడు పదహారు గంటలు కొట్టాలి. ప్రశ్నలు మొదట్లోనే ఒక ఫైల్‌గా సీడీఎన్ నుంచి దిగిపోయేలా, ఆన్సర్లు బ్రౌజర్‌లోనే సేవ్ అవుతూ చివర్లో సర్వర్ దొరికినప్పుడు సబ్మిట్ అయ్యేలా చెయ్యగలిగితే మధ్యలో పది నిమిషాలు సర్వర్ పోయినా రాసేవాడికి తెలియను కూడా తెలీదు. సబ్మిట్ ఫెయిలైతే వెంటనే కాకుండా కొంచెం ఆగి ఆగి, ఒక్కొక్కళ్ళు ఒక్కో టైమ్‌కి మళ్ళీ ట్రై చేసేలా రాయండి, లేకపోతే సర్వర్ లేచిన క్షణంలో మీ స్టూడెంట్సే అందరూ కలిసి దాన్ని మళ్ళీ పడేస్తారు. ర్యాంకులు సోమవారం ఇస్తాం అనండి.

స్టూడెంట్స్‌కి ముందే చెప్పండి, మీ ఫ్రెండ్ పరువు అన్నాడు కదా, పరువు పోయేది సైట్ పడినందుకు కాదు అండి, పడ్డాక ఏమైందో చెప్పకుండా ఉన్నందుకు. మా సైట్ మీద దాడి చేస్తామని బెదిరింపు వచ్చింది, డబ్బు కట్టట్లేదు, టెస్ట్ టైమ్ ఇలా మార్చాం, సైట్ ఓపెన్ కాకపోతే అప్‌డేట్ ఫలానా చోట చూడండి, మీ ఆన్సర్లు పోవు. ఇంతే. ఏ ప్రాక్సీ పెట్టారు, ఐపీ మార్చారా లేదా, అవి చెప్పకండి. డేటా సేఫ్ అన్న మాట చెక్ చేసుకున్నాకే అనండి. ఆ అప్‌డేట్ పెట్టే చోటు మాత్రం మీ సర్వర్ మీద ఉండకూడదు. 2020 ఆగస్టులో న్యూజిలాండ్ స్టాక్ ఎక్స్ఛేంజ్ నాలుగు రోజులు వరసగా ట్రేడింగ్ ఆపాల్సొచ్చింది, ట్రేడింగ్ సిస్టమ్ బాగానే ఉంది, కంపెనీల ప్రకటనలు పెట్టే వెబ్‌సైట్ అందుబాటులో లేదు, ప్రకటన అందరికీ కనబడకుండా ట్రేడింగ్ జరపలేరు. టెలిగ్రామ్ ఛానెలో, మెయిలో, వాట్సాప్ గ్రూపో, ఇప్పుడే అందర్నీ అందులోకి తీసుకోండి. ఈ పని మొత్తం మీ ఫ్రెండ్‌కి అప్పజెప్పండి, ఖాళీగా కూచుని భయపడే మనిషికి చేతినిండా పని ఉంటే సగం భయం దానంతట అదే పోతుంది, మాకు అలాగే జరిగింది.

డేటా గురించి అన్నాను కాబట్టి, 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే కంపెనీకి జరిగింది మీరు తెలుసుకోవాలి. వాళ్ళకీ డీడాస్‌తోనే మొదలైంది, డబ్బు అడిగారు. వాళ్ళు దాడి సంగతి చూసుకుంటుండగానే తెలిసింది, ఆ మనిషి దగ్గర వాళ్ళ క్లౌడ్ కంట్రోల్ ప్యానెల్ యాక్సెస్ ఉందని. వీళ్ళు పాస్‌వర్డ్ మార్చబోతే వాడు లోపల్నుంచి ఒక్కొక్కటీ డిలీట్ చేస్తూ పోయాడు, డేటా, బ్యాకప్పులు, దాదాపు అన్నీ. బ్యాకప్పులు కూడా అదే అకౌంట్‌లో ఉన్నాయి. కంపెనీ మూతపడింది. మీరు ఇవాళ పడుకోబోయేముందు హోస్టింగ్, డొమైన్ రిజిస్ట్రార్, డీఎన్ఎస్, మెయిల్, ఈ నాలుగు అకౌంట్ల పాస్‌వర్డ్‌లు మార్చి టూ ఫ్యాక్టర్ పెట్టండి, పాత ఏపీఐ కీలు రద్దు చెయ్యండి, డేటాబేస్ బ్యాకప్ ఒకటి తీసి ఈ అకౌంట్లకి ఏ సంబంధం లేని చోట దాచండి. మిగతావన్నీ రేపు చేసినా ఫర్లేదు, ఇది మాత్రం ఇవాళే.

కంప్లయింట్ తప్పకుండా ఇవ్వండి, మీ దేశంలో సైబర్ పోలీసులకీ, సర్ట్ అని కంప్యూటర్ ఎమర్జెన్సీ టీమ్ ఉంటుంది వాళ్ళకీ. రేపే వచ్చి పట్టుకుంటారని కాదు. కానీ 2014, 15లో డీడీ4బీసీ అనే గ్రూప్ ఇలాగే బిట్‌కాయిన్లు అడుగుతూ తిరిగింది, చాలామంది ఇచ్చిన సమాచారం కలిపితేనే బోస్నియాలో పట్టుకోగలిగారు, 2016 జనవరిలో యూరోపోల్ ప్రకటించింది. ఆ మెయిల్‌ని ఫార్వర్డ్ చేస్తే హెడర్లు (ఎక్కడ్నుంచి ఎలా వచ్చిందో చెప్పే లైన్లు) పోతాయి, ఒరిజినల్‌గా డౌన్‌లోడ్ చేసి ఉంచండి. బిట్‌కాయిన్ అడ్రస్, లాగ్స్, ఏ టైమ్‌కి ఏం జరిగిందో రాసుకున్న కాగితం, ఇవి చాలు.

రెండు పనులు మాత్రం చెయ్యకండి. పోటీ సైట్ వాడే చేయించి ఉంటాడు అని బయట అనకండి, మీటప్ వాళ్ళకొచ్చిన మెయిల్‌లో కూడా మీ పోటీదారే నన్ను పురమాయించాడు అని రాసుంది, అది నిజమో గొడవ పెట్టే ఎత్తో తేల్చలేం. సైట్ తట్టుకుంటుందో లేదో చూద్దామని బూటర్ కొనుక్కుని మీ మీద మీరే కొట్టుకోకండి, అది నేరం, పైగా అలాంటివాళ్ళకి మీ చేతులతో డబ్బిచ్చినట్టు. లోడ్ టెస్ట్ చెయ్యాలంటే మీ సొంత స్క్రిప్ట్‌తో, హోస్టింగ్ వాళ్ళకి చెప్పి చెయ్యండి.

ఆదివారం దాడి వస్తే ఎవరు ఏం చెయ్యాలో ఇప్పుడే ఒక కాగితం మీద రాసుకోండి, ఒకరు సర్వర్ చూడాలి, ఒకరు జనానికి చెప్పాలి, ఇద్దరూ ఒకే స్క్రీన్ ముందు కూచోకూడదు. దాడి రాకపోతే, చాలాసార్లు రాదు, అయిపోయిందని ప్రాక్సీ తీసెయ్యకండి. వారానికో నెలకో ఇంకో మెయిల్ వస్తుంది, ఈసారి సీరియస్ అంటారు, దాన్ని కూడా సేవ్ చేసి అదే కంప్లయింట్‌కి జత చెయ్యండి. హోస్టింగ్ వాళ్ళు మంగళవారం రాత్రి గ్రాఫ్ ఇస్తే, సర్వర్ ఐపీ కనబడకుండా చెరిపేసి నాకు పంపండి, పైపు నిండిందో పేజీ మీద కొట్టారో చూసి వెంటనే రాస్తాను.